ఫొటో కింద పేరు

(మేరీలాండ్‌లో ఫ్రీలాన్స్ స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేస్తున్న ఒక తెనాలి ఆడపడుచు, సెలవులకు వచ్చినప్పుడు విజయవాడలో యువ ఫొటోగ్రాఫర్లతో మాట్లాడిన మాటలకు అక్షర రూపం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

ముందు ఒక లెక్క తీసుకుందాం. లాక్రాస్ అనే ఆట చూసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? ఇద్దరు. అందులో ఒకడు మా మేనల్లుడు, వాడు చూసింది నా ఫోన్‌లోనే. వాణ్ణి తీసేద్దాం. పెళ్ళి ఫొటోలు తీసినవాళ్ళు? అబ్బో, హాలంతా చేతులే. అయితే నా పని సగం అయిపోయినట్టే.

ఎందుకంటే మీకు గట్టిమేళం సంగతి తెలుసు. జీలకర్ర బెల్లం పెట్టే ముందు ఏం జరుగుతుంది? పురోహితుడుగారు మేళం వాళ్ళ వైపు చెయ్యి ఊపుతారు. సన్నాయి ఒక్కసారిగా లేస్తుంది. అక్షింతలు వెయ్యడానికి బంధువులంతా ముందుకు తోసుకొస్తారు. సరిగ్గా మీ లెన్స్‌కి అడ్డంగా ఎవరో పెదనాన్నగారి వీపు వచ్చి నిలబడుతుంది. మేళం మోగాక చోటు వెతుక్కున్నవాడికి ఆ వీపే మిగులుతుంది. పది నిమిషాల ముందే మంటపం స్తంభం పక్కన కుదురుకున్నవాడికి ఫొటో దొరుకుతుంది. నేను మైదానంలో చేసేదీ అదే. అక్కడ చెయ్యి ఊపి చెప్పడానికి పురోహితుడు ఉండడు, అంతే తేడా.

ఇప్పుడు ఆట. కర్ర చివర చిన్న వల బిగించి ఉంటుంది. ఆ వలతో బంతిని పట్టాలి, అందులోనే పెట్టుకుని పరిగెత్తాలి, విసరాలి. గోల్ ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. మగవాళ్ళ ఫీల్డ్ లాక్రాస్‌లో జట్టుకి 10 మంది. మైదానం 110 గజాల పొడవు, 60 గజాల వెడల్పు. బంతి గట్టి రబ్బరు, 145 గ్రాముల చుట్టూ ఉంటుంది. మన క్రికెట్ బంతి కంటే కాస్త తేలిక. దాన్ని కాలేజీ కుర్రాళ్ళు గంటకి 150, 160 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. మన ఫాస్ట్ బౌలర్లు మంచి ఊపు మీద ఉన్న రోజున అందుకునే వేగం అది. బ్యాట్స్‌మన్‌కి 20 మీటర్ల దూరమైనా ఉంటుంది, ఇక్కడ గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి, ఒక్కోసారి పది మీటర్లు కూడా ఉండదు.

ఫొటోగ్రాఫర్ ముందుగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ ఆటలో గోల్ వెనక కూడా 15 గజాల మైదానం ఉంటుంది, అక్కడ కూడా ఆట నడుస్తుంది. దాని చివర ఎండ్ లైన్, ఆ లైన్ అవతల మేము. గోల్ మీదకి కొట్టిన బంతి గురి తప్పితే నేరుగా మా వైపే వస్తుంది. అంతటితో అయిపోదు. కొట్టిన బంతి లైన్ దాటే క్షణంలో ఎవరు దానికి దగ్గరగా ఉంటే బంతి వాళ్ళ జట్టుది, అది రూలు. కాబట్టి గురి తప్పిన ప్రతి షాట్ వెనకాలే ఇద్దరు ముగ్గురు కర్రలు చాచుకుని లైన్ మీదకి దూకుతారు. మీరు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని, ఇంకో కన్నుతో లెన్స్‌లో చూస్తుంటారు. ముందు బంతి, వెనక మనుషులు.

2019లో ఒక మధ్యాహ్నం నా రెండో కెమెరా లెన్స్ ముందు బిగించే గొట్టం, అదే హుడ్, ముక్కలైపోయింది. ఆ కెమెరా నా పొట్ట ముందు వేలాడుతోంది. హుడ్ లేకపోతే ఏమయ్యేదో మా ఆయనకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఈ మాట రికార్డవుతోందా? సరే, పోనీండి.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. 2012లో మా ఆయన ఉద్యోగం మీద మేరీలాండ్ వెళ్ళాం. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది. ఉండొచ్చు, తినొచ్చు, కారు నడపొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. ఆ వీసా మీద ఉన్న భార్యల్లో కొందరు పని చేసుకోవచ్చని 2015 మేలో రూలు వచ్చింది. పని చేసుకోవచ్చనే కార్డు నా చేతికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఈలోగా మావాడు స్కూల్లో లాక్రాస్ కర్ర పట్టుకున్నాడు. బాల్టిమోర్ చుట్టుపక్కల ఆ ఆట ఇక్కడి గల్లీ క్రికెట్ లాంటిది, ఏ పెరట్లో చూసినా ఒక చిన్న గోల్ ఉంటుంది. శనివారం పొద్దున్నే చలిలో నిలబడాలి, మిగతా తల్లులతో మాట్లాడాలంటే నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. కెమెరా పట్టుకుంటే ఎవరూ మాట్లాడమని అడగరు కదా అని కెమెరా పట్టుకున్నాను. అసలు కారణం అదే. కళ మీద ప్రేమ అని వేరే చోట్ల చెప్తుంటాను.

డబ్బులేమీ తీసుకోకుండా రెండు మూడు సీజన్లు పిల్లల ఆటలు తీశాను. కార్డు వచ్చాక ఒక చిన్న వారపత్రిక పిలిచింది, తర్వాత ఒక కాలేజీ, తర్వాత ఒక ఏజెన్సీ. కాలేజీ సీజన్ ఫిబ్రవరిలో మొదలై మే ఆఖరులో మెమోరియల్ డే వారాంతంలో ఫైనల్స్‌తో ముగుస్తుంది. ఫిబ్రవరి అంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి. తెనాలిలో పుట్టినదాన్ని, నాకు డిసెంబర్‌లోనే స్వెట్టర్ కావాలి. జేబులో రెండు హ్యాండ్ వార్మర్ పొట్లాలు పెట్టుకుంటాను. ఒకటి నాకు, ఒకటి బ్యాటరీలకి. చలికి బ్యాటరీ ఎంత త్వరగా దిగిపోతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. అదే మే నెలకి వచ్చేసరికి టోపీ పెట్టుకున్నా మెడ మాడుతుంది.

కెమెరా లెక్కలు అడుగుతారని తెలుసు, అది తేల్చేద్దాం. గంటకి 160 కిలోమీటర్లంటే సెకనుకి 44 మీటర్లు. షట్టర్ వెయ్యో వంతు సెకను పెట్టారనుకోండి, ఆ కాస్త వ్యవధిలో బంతి నాలుగున్నర సెంటీమీటర్లు కదులుతుంది. బంతి వ్యాసమే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే ఫొటోలో గుండ్రటి బంతి బదులు గుడ్డు కనబడుతుంది. రెండు వేలో వంతు పెడితే కాస్త బంతిలా ఉంటుంది. నేను ఎండలో అక్కడి నుంచే మొదలుపెడతాను. రాత్రి లైట్ల కింద అంత వెలుతురు ఉండదు, కాబట్టి తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే ఐఎస్ఓని 5000, 6400కి తీసుకుపోవాలి, ఫొటోలో గ్రెయిన్, అదే ఇసక రేణువుల్లాంటి చుక్కలు, వస్తే రానివ్వాలి.

ఇక బరస్ట్, అంటే ఆపకుండా వరసగా ఫొటోలు తీయడం. సెకనుకి 20 ఫ్రేమ్‌లు తీసే కెమెరా ఉంటే చాలు అనుకుంటారు. ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య బంతి రెండు మీటర్లకి పైగా వెళ్ళిపోతుంది. తొమ్మిది మీటర్ల నుంచి కొట్టిన షాట్ గోల్‌లోకి చేరేలోపు మీకు దొరికేవి నాలుగు ఫ్రేమ్‌లు. ఆ నాలుగింటిలో బంతి ఒకసారి కర్రలో, ఒకసారి గోలీ తల వెనక, ఒకసారి డిఫెండర్ చేతి వెనక ఉంటుంది. నాలుగోది దేవుడి దయ. అందుకే బంతి వెంట లెన్స్ తిప్పేవాళ్ళకి ఎక్కువగా దొరికేది ఖాళీ గడ్డి. నేను చూసేది కొట్టేవాడి భుజాన్ని. అతను కర్ర ఉన్న చేతిని వెనక్కి లాగి, ముందు కాలు నేలమీద నాటితే అదే నాకు గట్టిమేళం.

(సభలోంచి: లెన్స్ ఏది వాడతారు మేడమ్?)

ఈ ప్రశ్న ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను. అందరూ కలలు కనేది 400 ఎమ్ఎమ్, ఎఫ్ 2.8. కొత్తది 12 వేల డాలర్ల పైమాటే, అంటే ఇక్కడి లెక్కలో పది లక్షల పైనే. నా దగ్గర లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 300 ఎఫ్ 2.8, ఒక 70-200 ఉన్నాయి. ఫైనల్స్ వారంలో 400 అద్దెకి తెచ్చుకుంటాను. లెన్స్ కంటే ముందు కొనాల్సింది ఒకటి చెప్తాను, నవ్వకండి. టైల్స్ వేసే మేస్త్రీలు మోకాళ్ళకి కట్టుకునే ప్యాడ్‌లు. లాక్రాస్ మోకాళ్ళ మీద కూర్చుని తియ్యాల్సిన ఆట. మగవాళ్ళకి హెల్మెట్, దానికి ముందు ఇనప కంచె. నిలబడి తీస్తే మీకు దొరికేది హెల్మెట్ పైకప్పు, దాని కింద నీడ. కింద కూర్చుని పైకి చూస్తూ తీస్తేనే ఆ కంచె వెనక కళ్ళు, పళ్ళు కనబడతాయి. మిట్టమధ్యాహ్నం ఆటలో ఏం చేసినా ముఖం నల్లగానే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా పడి కంచె సందుల్లోంచి ముఖం మీదకి వస్తుంది చూడండి, ఆ అరగంట కోసం మిగతా రెండు గంటలు ఓపిక పట్టొచ్చు.

ఆడవాళ్ళ ఆటలో ఈ బాధ లేదు. ఫీల్డ్‌లో ఉండేవాళ్ళు కళ్ళకి గాగుల్స్ పెట్టుకుంటారు, పూర్తి హెల్మెట్ గోలీకే తప్పనిసరి. కాబట్టి ముఖం మొత్తం మీదే. నన్నడిగితే ఈ ఆటలో అందమైన క్షణం వాళ్ళ డ్రా, అంటే బంతిని ఆటలోకి దించే తీరు. మగవాళ్ళు అదే పనికి వాడే ఫేస్-ఆఫ్‌లో నేలమీద వంగి కర్రలతో కుమ్ముకుంటారు, ఫొటోలో రెండు వీపులు తప్ప ఏమీ ఉండవు. ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, రెండు కర్రల మధ్య బంతిని నొక్కి పట్టి, విజిల్ మోగగానే పైకి ఎగరేస్తారు. బంతి తలల పైకి లేవాలి, అది రూలు. ఆ క్షణంలో చుట్టూ ఉన్న అందరి ముఖాలూ ఒకేసారి ఆకాశం వైపు తిరుగుతాయి. దేవుడి రథం మీద నుంచి అరటిపళ్ళు విసిరినప్పుడు జనం చూసే చూపు ఉంటుంది చూశారా, అచ్చం అదే. అయినా మగవాళ్ళ ఆటకి అడిగినంతగా ఆడవాళ్ళ ఆటకి ఏజెన్సీలు ఫొటోలు అడగవు. నాకు అది ఒళ్ళు మండే విషయం. ఇక్కడితో ఆపుతాను, మొదలుపెడితే ఆగను.

అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. మా పెదనాన్నకి తెనాలిలో ఫొటో స్టూడియో ఉండేది. నెగెటివ్‌లు దాచే ప్రతి కవరు మీదా పేరు, తారీఖు, ఏ ఊరు అని రాసేవాడు. ఎప్పుడైనా ఒక కవరు మీద రాయడం మర్చిపోతే ఆ కవరు చించేవాడు కూడా కాదు, పక్కన పడేసి "ఇది ఎవరిదీ కాదు" అనేవాడు. చిన్నప్పుడు నాకది చాదస్తంలా ఉండేది.

మైదానంలో నా సమయంలో సగం పోయేది పేర్ల మీద. హెల్మెట్‌ల కింద అందరూ ఒకేలా ఉంటారు. గుర్తు జెర్సీ నంబరు ఒక్కటే. ఆటకి ముందు రెండు జట్ల రోస్టర్‌లూ, అంటే ఆటగాళ్ళ పేర్లు, నంబర్ల జాబితాలు, ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తాం. క్యాప్షన్ రాసే సాఫ్ట్‌వేర్‌లో జట్టు కోడ్, నంబరు కొడితే ఆటగాడి పేరు, పొజిషన్ దానంతట అదే పడుతుంది. చాలా సుఖం. ఆ సుఖమే నా కొంప ముంచింది.

ఒక మార్చి నెల వాన రోజు. ఒక కాలేజీ ఆట, పేరు అనవసరం. ఆట చివరి నిమిషంలో గెలుపు గోల్. ముందు మోకాలు బురదలో నాటుకుని, కర్ర సగం వంగి, నీళ్ళు అర్ధచంద్రంలా ఎగురుతూ, మంచి ఫ్రేమ్. క్వార్టర్ల మధ్య రెండు నిమిషాలే ఉంటాయి, ఆట అయిపోయాక పావుగంటలో ఫొటోలు ఎడిటర్‌కి చేరాలి. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. కోడ్ కొట్టాను, పేరు పడింది, పంపేశాను. అరగంటకి ఫోన్. ఆ పేరు గల కుర్రాడు కిందటేడే చదువు అయిపోయి వెళ్ళిపోయాడు. నేను ఎక్కించింది పాత ఏడాది రోస్టర్. ఆ నంబరు ఇప్పుడు కొత్తగా చేరిన ఒక పిల్లాడిది, అతనికి అది కాలేజీలో మొదటి గోల్. అప్పటికే ఆ ఫొటో పాత పేరుతో రెండు చోట్ల వచ్చేసింది. సవరణ పంపాం, వేసుకున్నారు. కానీ ఆ పిల్లాడి ఇంట్లో ముందు కత్తిరించి దాచుకోవాల్సిన ముక్క వేరేవాడి పేరుతో వచ్చింది కదా. ఎడిటర్ నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత రెండు నెలలు పని కూడా ఇవ్వలేదు.

ఈ ఆటలో నంబర్లకి అసలే వంశపారంపర్యం ఉంటుంది. సిరక్యూస్ యూనివర్సిటీలో 22 నంబరు అంటే మామూలు నంబరు కాదు. 1988లో గ్యారీ గెయిట్ అనే ఆటగాడు గోల్ వెనక నుంచి గాల్లోకి ఎగిరి, పై కడ్డీ మీదుగా బంతిని లోపలికి దింపాడు. అతని ఒంటి మీద ఉన్నది 22. తర్వాత పవెల్ అన్నదమ్ములు ముగ్గురూ, కేసీ, రయన్, మైక్, ఒకరి తర్వాత ఒకరు అదే వేసుకున్నారు. ఇంతమంది ఒకే చొక్కాలో ఉన్నప్పుడు నంబరు చూసి పేరు నమ్మితే ఏమవుతుందో చెప్పాను కదా. అప్పటి నుంచి నాకొక అలవాటు. వార్మప్‌లో హెల్మెట్ లేకుండా ఉన్నప్పుడే ఒక్కొక్కరి ముఖం, నంబరు కలిపి ఒక ఫ్రేమ్ తీసి పెట్టుకుంటాను. ప్రతి గోల్ తర్వాత వీపు మీద నంబరు ఒకటి, స్కోర్‌బోర్డు ఒకటి. స్కోర్‌బోర్డు తీస్తే ఏ గోల్ ఎప్పుడో తర్వాత తవ్వుకోవక్కర్లేదు. ఆ రోజు అచ్చు వేసి ఇచ్చిన రోస్టర్ కాగితాన్ని కూడా ఫొటో తీస్తాను. మొత్తం మెమరీ కార్డులో మొదటి ఫొటో అదే.

ఇంకో సంగతి చెప్పాలా వద్దా అని దారంతా అనుకున్నాను. చెప్తాను. ఒక ఏప్రిల్‌లో సొంత మైదానంలో ఆడుతున్న జట్టు 12 గోల్స్ ఆధిక్యంలో ఉంది. ఇంకో మూడు నిమిషాల ఆట ఉందనగా నేను లేచి ప్రెస్ రూమ్‌కి వెళ్ళిపోయాను. డెడ్‌లైన్, టెన్షన్, పైగా ఫలితం తేలిపోయింది. మర్నాడు ఒక తల్లి నుంచి మెయిల్. వాళ్ళబ్బాయి నాలుగేళ్ళు ఆ జట్టులో ఉన్నాడు, ప్రతి ప్రాక్టీసుకీ వెళ్ళాడు, ఒక్క ఆటలోనూ దిగలేదు. ఆ ఆఖరి మూడు నిమిషాల్లో కోచ్ దించాడు. ఫొటో ఎంతైనా సరే కొంటామని రాసింది. నా దగ్గర ఒకే ఒక్క ఫ్రేమ్ ఉంది. వేరే ఎవరో సంబరపడుతుంటే వెనక బెంచీ దగ్గర మసగ్గా ఒక ఆకారం, హెల్మెట్ బకిల్ పెట్టుకుంటోంది. పెద్దది చేసి చూస్తే నంబరు అతనిదే. డబ్బు తీసుకోకుండా పంపాను. వాళ్ళు దాన్ని ఫ్రేమ్ కట్టించుకున్నారట. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తర్వాత చివరి విజిల్‌కి ముందు నేను లేవలేదు, ఎడిటర్ ఎంత అరిచినా.

పేరు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆట పేరునే వదిలెయ్యలేను. లాక్రాస్ అనేది ఫ్రెంచి మాట, కర్ర అని. ఆట ఫ్రెంచివాళ్ళది కాదు, ఉత్తర అమెరికా మూలవాసులది. ఇప్పటి న్యూయార్క్, కెనడా సరిహద్దు ప్రాంతాల్లో ఆరు జాతులు కలిసిన ఒక సమాఖ్య ఉంది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా. వాళ్ళు తమని హోడినోషోనీ అంటారు, అంటే పొడవాటి ఇంటివాళ్ళు అని. బయటివాళ్ళు ఇరక్వా అని పిలిచారు, అదే పుస్తకాల్లోకి ఎక్కింది. వాళ్ళకి ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట, జబ్బుపడ్డవాళ్ళ కోసం కూడా ఆడే ఆట. హికరీ చెక్కని వంచి చేసిన కర్రతో ఆడేవాళ్ళు, ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. 1867లో మాంట్రియల్‌లో విలియం జార్జ్ బియర్స్ అనే పళ్ళ డాక్టరు రూల్స్ రాశాక అది తెల్లవాళ్ళ క్లబ్బుల ఆట అయింది.

2010లో ప్రపంచ పోటీలు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జరిగాయి. హోడినోషోనీల జట్టు వెళ్ళలేకపోయింది. కారణం ఏమిటంటే వాళ్ళు తమ సమాఖ్య ఇచ్చిన పాస్‌పోర్టుల మీద ప్రయాణిస్తారు, బ్రిటన్ వాటిని ఒప్పుకోలేదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే వెళ్ళొచ్చు. తీసుకోలేదు. వీసా కాగితంలో నా ఇంటిపేరు, అసలు పేరు తారుమారై నేను ఎన్ని ఆఫీసులు తిరిగానో తలుచుకుంటే వాళ్ళ పట్టుదల నాకు కొంచెం అర్థమవుతుంది, కొంచెమే. 2023లో శాన్ డియాగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. అప్పటికి ఇరక్వా నేషనల్స్ అనే పేరు తీసేసి హోడినోషోనీ నేషనల్స్ అని పెట్టుకున్నారు. మా క్యాప్షన్ కోడ్‌లు కూడా మారాలి. మార్చనివాళ్ళని చూశాను, "అందరికీ తెలిసిన పేరు అదే కదా" అంటారు. ఎవరికి తెలిసిన పేరు?

డబ్బు సంగతి. మీరంతా దీని కోసమే కూర్చున్నారని నాకు తెలుసు.

ఫ్రీలాన్స్ అంటే ఆటకి ఇంత అని ఇస్తారు. ప్రయాణం, పార్కింగ్, కెమెరా అరుగుదల అన్నీ మనవే. ఏడాది చివర మనకి ఎంత ఇచ్చారో చూపించే 1099 అనే కాగితం వస్తుంది. ఉద్యోగి అయితే కంపెనీ సగం కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఇక్కడ రెండు సగాలూ మనమే కట్టుకోవాలి, కలిపి 15.3 శాతం. ఆదాయపు పన్ను దాని మీద అదనం. అది కూడా ఏడాదికి నాలుగుసార్లు, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 తారీఖుల్లో ముందే లెక్కేసి కట్టాలి. మొదటి ఏడాది నాకీ సంగతి తెలియదు. వచ్చిన డబ్బుతో లెన్స్ కొనేశాను. ఏప్రిల్‌లో మా ఆయన జీతంలోంచి కట్టాల్సి వచ్చింది. ఆరోగ్య బీమా కూడా ఆయన కంపెనీదే. ఇది నేరుగా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా తోటి ఫ్రీలాన్సర్లలో ఇంట్లో ఇంకో జీతం లేకుండా ఒక్క లాక్రాస్ మీద బతికేవాళ్ళని నేను చూడలేదు. వేసవిలో పిల్లల క్లబ్ టోర్నమెంట్లు ఉంటాయి, నిజానికి నా ఆదాయంలో పెద్ద ముక్క అక్కడిదే. కాలేజీ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1కి ముందు పిల్లలతో సీట్ల గురించి మాట్లాడకూడదని రూలు ఉంది. ఆ తారీఖు దగ్గరపడే కొద్దీ తల్లిదండ్రులకి మంచి యాక్షన్ ఫొటోల అవసరం పెరుగుతుంది. పదహారేళ్ళ పిల్లలు కాబట్టి ఎవరి ఫొటో ఎక్కడ పెట్టాలన్నా నేను ఇంట్లోవాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటాను.

హక్కుల దగ్గర చెవి ఒగ్గండి, ఇది మీకూ పనికొస్తుంది. అమెరికాలో ఫ్రీలాన్సర్ తీసిన ఫొటో మీద కాపీరైట్ తీసినవాళ్ళదే, సంతకం పెట్టి రాసిస్తే తప్ప. అందుకని కాంట్రాక్టుల్లో ఎక్కడో ఏడో పేజీలో ఆ రాసిచ్చే వాక్యం ఉంటుంది. నేను కాంట్రాక్టు వెనక పేజీ నుంచి చదువుతాను. ఒక టోర్నమెంట్ నిర్వాహకులు నా ఫొటో తీసుకెళ్ళి, అడగకుండా, మరుసటి ఏడాది గేటు దగ్గర ఇరవై అడుగుల బ్యానర్ వేశారు. నా పేరు లేదు సరికదా, మూలన వాళ్ళ పేరే ఉంది. అడిగితే "మీకు ప్రచారమే కదా" అన్నారు. అప్పటికి నేను రిజిస్టర్ చేసుకోలేదు, కోర్టుకి వెళ్ళాలంటే అక్కడ ముందు రిజిస్ట్రేషన్ కావాలి. ఇప్పుడు సీజన్‌లో ప్రతి మూడు నెలల లోపు కాపీరైట్ ఆఫీసులో గుంపుగా రిజిస్టర్ చేస్తాను. ఒక దరఖాస్తులో 750 ఫొటోల వరకు, ఫీజు 55 డాలర్లు. మూడు నెలలు ఎందుకంటే, ప్రచురించిన మూడు నెలల్లో చేస్తే ఎవరైనా దొంగిలించినప్పుడు చట్టం చెప్పిన నష్టపరిహారం అడిగే వీలుంటుంది.

మన దేశంలో వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే. అంటే మీరు తీసిన పెళ్ళి ఫొటోని మీ ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి కూడా మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. ఇక్కడ ఎంతమంది కాగితం రాయించుకుంటున్నారు? చేతులు ఎత్తొద్దులెండి, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

(సభలోంచి: 2028 ఒలింపిక్స్‌లో లాక్రాస్ ఉందంటున్నారు, మాకేమైనా అవకాశం ఉంటుందా?)

ఉంది. విచిత్రం ఏమిటంటే అది ఖాయమైంది మన ముంబైలోనే. 2023 అక్టోబర్‌లో అక్కడ జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌నీ లాక్రాస్‌నీ ఒకేసారి చేర్చారు. ఆ రోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో క్రికెట్ గురించి వంద మెసేజ్‌లు. నేను లాక్రాస్ గురించి ఒకటి పెట్టాను, మా అత్తగారు బొటనవేలు ఎత్తారు. 1904లో, 1908లో అది పతకాల ఆటే, అంటే వందేళ్ళ పైబడి తర్వాత తిరిగి వస్తోంది.

కాకపోతే లాస్ ఏంజెలెస్‌లో ఆడేది సిక్సెస్ అనే పొట్టి రకం. జట్టుకి ఆరుగురు, 70 మీటర్లు 36 మీటర్ల మైదానం, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు, 30 సెకన్లలో షాట్ కొట్టాలి. మా కష్టం ఎక్కడంటే, గోల్ పడగానే ఫేస్-ఆఫ్ ఉండదు. గోలీ వలలోంచి బంతి తీసి వెంటనే ఆట మొదలుపెట్టేస్తాడు. ఫీల్డ్ లాక్రాస్‌లో గోల్ తర్వాత పది ఇరవై సెకన్లు కౌగిలింతలు, అరుపులు, అప్పుడే మా అసలు ఫొటోలు. సిక్సెస్‌లో ఆ సంబరం మొదలవకముందే అటు గోల్ దగ్గర ఇంకో దాడి. నేను ఒకసారి తీశాను, ఇంటికొచ్చి చూస్తే అందరూ పరిగెత్తుతున్నారు, ఎవరూ నవ్వట్లేదు.

ఫొటోగ్రాఫర్ అక్రెడిటేషన్, అంటే లోపలికి వెళ్ళి తీసే అనుమతి, మాత్రం ఒక్కొక్క దేశానికి ఇన్ని అని కోటా ఉంటుంది, ఆయా దేశాల ఒలింపిక్ సంఘాల ద్వారా వస్తుంది. కార్డు పట్టుకుని గేటు దగ్గరకి వెళ్తే ఇచ్చేది కాదు. పత్రికో ఏజెన్సీయో వెనక ఉండాలి, చాలా ముందే అడగాలి. నాకు వస్తుందా అంటే, చూడాలి. మావాడు మాత్రం ఇప్పుడు లాక్రాస్ మానేసి పియానో వాయిస్తున్నాడు. ఫొటో తీస్తానంటే ఒప్పుకోడు.

ఇంకా ప్రశ్నలుంటే కిందకి వచ్చాక మాట్లాడుకుందాం. బ్యాగు తెచ్చాను, 300 అందులోనే ఉంది, ముందు వరుస వాళ్ళు వచ్చి పట్టుకుని చూడండి, బరువెంతో తెలుస్తుంది. ఒక లాక్రాస్ కర్ర, రెండు బంతులు కూడా ఉన్నాయి. హాలు అద్దాలు జాగ్రత్త, విసరొద్దు. రాగానే ఆ పక్కనున్న పుస్తకంలో మీ పేరు రాయండి. స్పష్టంగా రాయండి, ఇంటిపేరుతో సహా. ఇవాళ్టి ఫొటోలకి క్యాప్షన్లు రాయాలి.